పేరు పోగొట్టుకున్న యంత్రం

పిల్లలూ! కిందటి నెల ఈ పేజీలో పాత నాణేలను గురించి చెప్పుకున్నాం. అది చదివి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది: "తాతల కాలం నాణేలు సేకరిస్తారు, సరే. మా నాన్నగారి కాలం కంప్యూటర్లను కూడా ఎవరైనా సేకరిస్తారా?" అని.

సేకరిస్తారు. నేనూ వారిలో ఒకణ్ణి. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. అయితే ఆ మాట అన్నవారే అటక మీద సామాన్లు జరిపి నాకు చోటిచ్చారు గనుక నాకు కోపం లేదు.

ఈ పిచ్చిలో కూడా రెండు రకాలున్నవి. ఒక రకం వారు పేరుపడ్డ కంపెనీల అసలు యంత్రాలను సేకరిస్తారు. రెండో రకం వారు నకలు యంత్రాలను వెతుకుతారు. అంటే, ఒకరు తయారు చేసిన కంప్యూటరును చూసి మరొకరు అచ్చం అటువంటిదే తయారు చేస్తారే, అవన్నమాట. "అసలు ఉండగా నకలెందుకు?" అని మీరు అడగవచ్చు. అసలు యంత్రాలను గురించి పుస్తకాలున్నవి. లక్షల కొద్దీ తయారైనవి గనుక ఇంకా దొరుకుతున్నవి. నకలు యంత్రాలు కొన్ని వందలో వేలో తయారై, కంపెనీ మూతపడి, చెత్తలో కలిసిపోయినవి. చాలావాటిని ఎవరు చేశారో చెప్పే కాగితం ముక్క కూడా మిగలలేదు. వాటి కథ వాటినే అడిగి తెలుసుకోవాలి. నాకు ఆ పనే ఇష్టం.

2009వ సంవత్సరం ఏప్రిల్‌లో హైదరాబాదులో పాత ఇనుము, పాత రేడియోలు కొనే ఒక కొట్టుకు వెళ్ళాను. అక్కడ గోనెసంచిలో పాత కంప్యూటరు బోర్డులు ఉన్నవి. బోర్డు అంటే కంప్యూటరు లోపల చిప్పులన్నీ అతికించి ఉండే పలక. కొట్టతను వాటిని బంగారం కోసం అమ్ముతాడు. బోర్డు అంచుల మీదా, కొన్ని చిప్పుల కాళ్ళ మీదా వెంట్రుకకన్న పలచగా బంగారపు పూత ఉంటుంది. ఆసిడ్‌లో వేసి ఆ కాస్తా రాబట్టుకుంటారు, మిగతాది బూడిద.

ఆ సంచిలో ఒక బోర్డు నాకు తెలిసిన ముఖంలాగా కనిపించింది. వెనకవైపు ఎనిమిది పొడుగాటి గాళ్ళు. మధ్యన నలభై కాళ్ళ పెద్ద చిప్పు, దాని మీద 6502 అనే అంకె. ఇంకొక పక్క వరసగా ఆరు చిప్పులు, ఒక్కొక్కదాని నడుమ ఒక చిన్న గుండ్రని గాజు కిటికీ. చూడగానే ఇది ఆపిల్-2 అనుకున్నాను. కాని కంపెనీ పేరు ఉండవలసినచోట ఏమీ లేదు. ఒట్టి ఆకుపచ్చ పలక! కొట్టతను దాన్ని తక్కెడలో వేసి, "ముప్పావు కిలో, నూటయాభై ఇవ్వండి," అన్నాడు. బేరం కూడా ఆడకుండా కొనేశాను.

ఆపిల్-2 అంటే ఏమిటో మీకు చెప్పాలి. 1977లో అమెరికాలో స్టీవ్ వోజ్నియాక్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. అంతకుముందు ఇళ్ళలో కంప్యూటరు కావాలంటే చాలామంది విడిభాగాలు తెచ్చి టంకం పెట్టుకోవలసి వచ్చేది. ఇది పెట్టె తెరిచి టెలివిజనుకు తగిలిస్తే చాలు, పనిచేసేది. మొదట్లో దాని ధర 1,298 డాలర్లు. దాని జ్ఞాపకశక్తి 4 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా అందులో పట్టదు!

వోజ్నియాక్ ప్రజ్ఞ ఏమిటంటే, ఎక్కడా ప్రత్యేకమైన చిప్పులు చేయించకుండా, బజారులో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు చిప్పులనే తెలివిగా కలిపి యంత్రాన్ని నిర్మించాడు. పైగా 1978 జనవరిలో కంపెనీ ఒక ఎర్ర అట్ట పుస్తకం అచ్చువేసి, అందులో యంత్రం పటాలన్నీ ఇచ్చింది. చిప్పులు బజారులో ఉన్నవి, పటం పుస్తకంలో ఉన్నది. ఇక నకలు తీసేవాడికి అడ్డేమిటి?

అడ్డులేదు గనుకనే ప్రపంచమంతా నకళ్ళు పుట్టుకొచ్చినవి. వాటి పేర్లు వింటే మీకు నవ్వు వస్తుంది. ఆపిల్ అంటే పండుగదా! అందుకని ఒకరు ఆరెంజ్ అన్నారు, ఒకరు పైనాపిల్ అన్నారు. ఇటలీలో లెమన్-2 వచ్చింది. హాలండులో పియర్‌కామ్ అన్నారు. పియర్ అంటే బేరిపండు. ఏదో పళ్ళ అంగడికి వెళ్ళినట్టు లేదూ?

అందరూ పళ్ళ పేర్లు పెట్టలేదు. బల్గేరియా దేశంలో ప్రావెట్స్ అనే ఊళ్ళో తయారైన నకలుకు ఆ ఊరి పేరే పెట్టారు. అప్పట్లో బల్గేరియా సోవియట్ కూటమిలో ఉండేది. పాశ్చాత్య దేశాలు ఆ కూటమికి కంప్యూటర్లు అమ్మటంలో ఎన్నో ఆంక్షలు పెట్టినవి; కొనటానికి డాలర్లు కూడా కరువే. అందుచేత అక్కడి ఇంజనీర్లు 6502 చిప్పుకు కూడా నకలు తయారు చేసుకున్నారు. ప్రావెట్స్-82లో ఒక చమత్కారం ఉన్నది. ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలు ఉండవలసిన చోట వారు తమ సిరిలిక్ అక్షరాలను కూర్చోబెట్టారు. పిల్లలు తమ అక్షరాలతోనే కంప్యూటరు నేర్చుకున్నారు. దీన్ని ఒట్టి దొంగతనం అనటానికి నాకు నోరు రాదు.

అలాగని అన్నీ మంచి నకళ్ళూ కావు. అమెరికాలోనే ఫ్రాంక్లిన్ అనే కంపెనీ ఏస్ అనే యంత్రం అమ్మింది. 1982లో ఆపిల్ కంపెనీ కోర్టుకెక్కింది. యంత్రాన్ని ఎట్లా నడపాలో చెప్పే ఆదేశాలు చిప్పులలో రాసి ఉంటవి. ఆ రాతను ఫ్రాంక్లిన్ మక్కికి మక్కీ ఎత్తి రాసుకున్నదని ఫిర్యాదు. ఎట్లా పట్టుబడిందో తెలుసా? ఆపిల్‌లో పనిచేసే జేమ్స్ హస్టన్ అనే ఆయన పేరు ఆ రాతలో ఒకచోట ఉన్నది. ఫ్రాంక్లిన్ వారి చిప్పులో కూడా అదే పేరు! పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసేవాడు, వాడి పేరుతోసహా ఎక్కించినట్టు! "మేము చూసి రాసిన మాట నిజమే, కాని చిప్పులోని అంకెలు పుస్తకంవంటివి కావు, వాటి మీద ఎవరికీ హక్కు ఉండదు," అని ఫ్రాంక్లిన్ వాదించింది. 1983లో పై కోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. చిప్పులోని ఆదేశాలు కూడా రచనే, దానికీ రచయిత హక్కు ఉంటుందని తేల్చింది.

నకలు తీసేవారి కోసం ముందుగానే ఉచ్చు పన్నినవారూ ఉన్నారు. 1976లో జైలాగ్ కంపెనీ జెడ్-80 అనే చిప్పు విడుదల చేసింది. దాన్ని చేసినవారు ఇటలీనుంచి వచ్చిన ఫెడెరికో ఫాజిన్, జపానునుంచి వచ్చిన మసతోషి షిమా. చిప్పును మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి, గీతకు గీత దింపుకునేవారుంటారని వారికి తెలుసు. అందుకని కొన్నిచోట్ల, ఫోటోలో ఒక రకంగా కనిపించి, నిజానికి మరొక రకంగా పనిచేసే భాగాలు పెట్టారు. ఫోటోను నమ్మి దింపినవాడి చిప్పు సరిగ్గా నడవదు! ఆ ఉచ్చులవల్ల ఒక కంపెనీ నకలు రావటానికి ఆరు నెలలు ఆలస్యమైందని షిమా తరువాత చెప్పాడు.

ఇక అనుమతి తీసుకుని చేసిన నకళ్ళూ ఉన్నవి. మన దేశంలోనే, 1984లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పే పథకం ఒకటి మొదలై, సుమారు 250 బడులకు ఇంగ్లండునుంచి బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు వచ్చినవి. అటువంటివాటినే లైసెన్సు తీసుకుని మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ తయారు చేసింది. వాటి పేరు యూనికార్న్, అంటే ఒంటికొమ్ము గుర్రం. 1989లో ఆ సంస్థ చిప్పుల కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ ఒంటికొమ్ము గుర్రాలు ఈనాడు చాలా అరుదు. మీ బడి సామాన్ల గదిలో, విరిగిన బల్లల వెనకాల కూడా ఒకసారి చూడండి. ఉంటే మేష్టారిని అడిగి ఫోటో తీయండి. కరెంటు మాత్రం పెట్టవద్దు. పాతబడ్డ కెపాసిటర్లు పేలవచ్చు. అది పెద్దల పని.

సరే, నా బోర్డు సంగతికి వద్దాం.

బోర్డు వయస్సు తెలుసుకోవటం తేలిక. చిప్పు మీద తరచు నాలుగు అంకెలు ఉంటవి. నా బోర్డు మీద 8318, 8341, 8423 ఇట్లా ఉన్నవి. మొదటి రెండంకెలూ సంవత్సరం, తరువాతి రెండూ వారం. 8423 అంటే 1984లో ఇరవైమూడో వారం, అనగా జూన్ నెల. అన్నిటికన్న కొత్త చిప్పు అదే గనుక బోర్డు అంతకుముందు తయారై ఉండదు. కాని తొందరపడరాదు. ఎప్పుడో పాడైన చిప్పు తీసి కొత్తది వేసి ఉంటే అంకె మనల్ని మోసగిస్తుంది. అందుకని ఒక్క చిప్పును కాక, అన్నిటినీ రాసుకుని చూడాలి. నేను అరవై చిప్పుల పైగా రాసుకున్నాను; చాలావరకు 1983 చివరివీ, 1984 మొదటివీ.

కిటికీలున్న ఆ ఆరు చిప్పులే అసలు సాక్షులు. వాటిని ఈప్రామ్ అంటారు. 1971లో ఇంటెల్ కంపెనీలో డవ్ ఫ్రోమన్ అనే ఇంజనీరు వాటిని కనిపెట్టాడు. నా బోర్డులోని ఒక్కొక్క చిప్పులో 16,384 అతి చిన్న గూళ్ళు ఉన్నవి. గూటిలో విద్యుత్తును బంధించి మూత వేస్తే అది సున్న. ఖాళీగా ఉంటే ఒకటి. కరెంటు తీసేసినా బంధించిన విద్యుత్తు ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటుంది. రాసింది చెరిపేయాలంటే కిటికీలోంచి అతినీలలోహిత కిరణాలు పంపాలి. ఆ కిరణాల శక్తి సోకగానే విద్యుత్తు గోడ దూకి పారిపోతుంది. గూళ్ళన్నీ ఖాళీ అయి, అంతా ఒకట్లే మిగులుతవి. అందుకే కిటికీ మీద కాగితమో రేకో అతికించి ఉంచుతారు. అసలు ఆపిల్‌లో ఈ రకం చిప్పులు ఉండవు. కర్మాగారంలోనే శాశ్వతంగా అచ్చుపోసినవి ఉంటవి. వేల కొద్దీ ఒకేసారి చేయించగల డబ్బు లేనివాడే ఈప్రామ్‌లు వాడతాడు. అంటే నా బోర్డు చేసింది చిన్న కంపెనీ.

ఆ చిప్పులను చదివే పరికరం నా దగ్గర అప్పటికి లేదు. తెప్పించటానికి డబ్బు పంపాను. వచ్చేలోగా బోర్డును శుభ్రం చేద్దామనుకున్నాను. దాని మీద పాతికేళ్ళ దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు. సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడిగాను. ఇది తప్పు కాదు. బాగా ఆరనిస్తే పాత బోర్డులను కడగవచ్చు. కిటికీల మీది కాగితాలు నాని నాలుగు ఊడిపోయినవి. పోనీలే అనుకున్నాను. బోర్డును తీసుకువెళ్ళి డాబా మీద ఎండలో పెట్టాను. మే నెల. ఇంతలో ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి తొమ్మిది రోజుల తరువాత తిరిగి వచ్చాను.

మీకు అర్థమైందనుకుంటాను. ఎండలో కూడా ఆ కిరణాలు ఉంటవి. గది వెలుతురులో కిటికీ తెరిచి పెడితే ఈప్రామ్ చెరగటానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. నేరుగా ఎండలో పెడితే వారం చాలునని దాన్ని తయారు చేసినవారే కాగితాలలో రాశారు. ఆ కాగితం నా బల్ల సొరుగులోనే ఉన్నది. నేను చదివాను కూడా!

పరికరం వచ్చింది. మొదటి చిప్పు పెట్టాను. 255, 255, 255, 255... అంటే అన్నీ ఒకట్లే. రెండోదీ అంతే. ఆరింటిలో నాలుగు తెల్లకాగితాలైపోయినవి. ఆ రాత్రి నేను అన్నం తినలేదంటే నమ్మండి.

కాగితం ఊడని రెండు చిప్పులు మాత్రం బతికి ఉన్నవి. వాటిలోని అంకెలను అసలు ఆపిల్ అంకెలతో పోల్చాను. ఒక్క అంకె కూడా తేడా లేదు. అంటే వీరు కూడా ఫ్రాంక్లిన్ వారిలాగా చూసి రాసినవారే. కాని ఎవరు? ఆ సంగతి చెప్పవలసింది ఆరో చిప్పు. యంత్రం మీట నొక్కగానే తెరమీద పైన మధ్యలో దాని పేరు కనిపిస్తుంది. ఆ పేరు ఆరో చిప్పులోనే ఉంటుంది. కూటికోసం ఎంత నకలు తీసినా, పేరు దగ్గర మాత్రం ఎవరైనా తమ సొంతమే పెట్టుకుంటారు. పాతికేళ్ళు దుమ్ములో భద్రంగా ఉన్న ఆ పేరును నేను తొమ్మిది రోజుల్లో నా చేతులతో తుడిచేశాను. ప్రపంచంలో దానికి ఇంకొక ప్రతి ఉన్నదో లేదో!

అప్పటినుంచీ నాకు ఒక నియమం. ఏ బోర్డు దొరికినా ముందు ఫోటోలు తీస్తాను, రెండు వైపులా. తరువాత కిటికీలకు రేకు అతికిస్తాను. తరువాత చదివి, ఆ అంకెలను మూడుచోట్ల దాస్తాను. ఆ తరువాతనే కడగటం. ఎండలో పెట్టకపోయినా ఆ గూళ్ళలోని విద్యుత్తు కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది గనుక ఆలస్యం చేయటానికి కూడా లేదు.

బోర్డును అటక మీద పెట్టి "పేరు తెలియదు" అని చీటీ అతికించాను. చాలాకాలం దాని వంక చూడలేదు. 2013లో సంక్రాంతికి అటక దులుపుతూ బోర్డును వెనక్కు తిప్పి చూస్తే, టంకం చుక్కల మధ్య చెరగని సిరాతో చిన్న అక్షరాలు కనిపించినవి: "గుంటూరు 12-3-88." బాగుచేసినవారు వేసుకున్న గుర్తు!

గుంటూరులో రేడియోలు, టెలివిజన్లు బాగుచేసే కొట్లన్నీ తిరిగాను. నాలుగో కొట్లో ఒక కుర్రవాడు, "మా పెదనాన్న అప్పట్లో కంప్యూటర్లు చూసేవాడండీ," అని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ పెద్దమనిషికి డెబ్బై దాటినవి. బోర్డును రెండు చేతులతో అందుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశాడు.

"ఇది నా రాతేనండీ. పొగాకు కంపెనీ వాళ్ళు లెక్కలకు వాడేవారు. పవర్ సప్లై పోయిందని తెచ్చారు. రెండు రోజులు పట్టింది," అన్నాడు.

"బాగుచేశాక తెర మీద పేరు వచ్చి ఉండాలి కదండీ. ఏమని వచ్చింది?" అని అడిగాను. నా గొంతు నాకే వినిపించలేదు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఆపిల్ అని మాత్రం కాదండీ. ఇంకేదో పండు పేరు. ఏ పండో గుర్తు రావటం లేదు."

ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి, లేచి వచ్చేశాను.

రైలులో ఒక సంగతి తట్టింది. అసలు ఆపిల్‌లో పేరుకోసం కేటాయించినవి సరిగ్గా ఎనిమిది స్థానాలు. ఆపిల్ అని ఇంగ్లీషులో అయిదక్షరాలు, ఒక ఖాళీ, ఆ పైన రెండు అనే అంకెకు గుర్తుగా రెండు బ్రాకెట్లు. అంతటితో ఎనిమిదీ నిండుతవి. మిగతాదంతా మక్కికి మక్కీ దింపినవారు ఆ లెక్క కూడా మార్చి ఉండరు. పైనాపిల్‌కు ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు. కనుక అది కాదు! ఇంటికి రాగానే ఈ సంగతి ఆ పెద్దమనిషికి ఉత్తరం రాశాను.

నెల తరువాత కార్డు వచ్చింది. "చిన్న పేరేనండీ. చివర ఎన్ అనే అక్షరం ఉన్నట్టు గుర్తు," అని రాశాడు.

నేను లెమన్ అంటున్నాను. మా అమ్మాయి మెలన్ అంటున్నది. నిమ్మకాయా, పుచ్చకాయా అని మా ఇంట్లో ఇప్పటికీ తగువే.